ఒకే ఇంట్లో రెండు ఐదో తరగతులు

ఐదో తరగతి పూర్తవడం ఒక సందర్భం అనే ఆలోచన మన ప్రభుత్వ బడుల్లో ఎన్నడూ లేదు. ఏడో తరగతికి ఒకప్పుడు ఉమ్మడి పరీక్ష ఉండేది. పదో తరగతికి ఇప్పటికీ ఉంది. పది ఫలితాలు వచ్చిన మర్నాడు అమ్మాయిలదే పైచేయి అని ప్రతి ఏడాదీ అదే శీర్షిక పత్రికల్లో చదువుతాం, సంతోషిస్తాం, మన మీటింగుల్లో చెప్పుకుంటాం. ఐదు నుంచి ఆరుకి వెళ్ళే మెట్టు మీద మాత్రం ఎవరి చూపూ ఉండదు. పబ్లిక్ పరీక్ష లేదు, ర్యాంకు లేదు, పేపర్లో ఫోటో లేదు. ఇంటి లోపల, ఏ చప్పుడూ లేకుండా, ఆడపిల్ల జీవితం గురించి చాలా నిర్ణయాలు జరిగిపోయేది ఆ మెట్టు దగ్గరే.

పూర్వం అక్కడ జరిగేది కళ్ళకి కనపడేది. నేను మంగళగిరిలో మున్సిపల్ ఎలిమెంటరీ స్కూలు దాటింది 1980ల చివర్లో. జూన్‌లో హైస్కూలు తెరిచాక చూస్తే నాతో చదివిన ఆడపిల్లల్లో సగం మంది కూడా లేరు. వాళ్ళు ఏ ఊరూ వెళ్ళలేదు. అవే వీధుల్లో, అవే అరుగుల మీద, రాట్నాల ముందు కూర్చుని కండెలు చుడుతున్నారు. దాన్ని బడి మానెయ్యడం అని ఎవరూ అనలేదు. పిల్ల ఇంటిపట్టున ఉంటోంది అన్నారు. మన భాషలో ఆడపిల్ల శ్రమని దాచిపెట్టడానికి ఉన్నన్ని మాటలు దాన్ని చూపించడానికి లేవు.

ఇవాళ ఆ పరిస్థితి లేదు. ఆడపిల్లని ఐదుతో ఆపేసే ఇల్లు మా వీధిలో వెతికితే గానీ దొరకదు. ఇది చిన్న విషయం కాదు. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్క అని 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని, 1993లో మన రాష్ట్రానికి వచ్చిన మహిళా సమతలో బడి మానేసిన ఆడపిల్లల కోసం నడిచిన శిక్షణ కేంద్రాలు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, మధ్యాహ్న భోజనం, వీటన్నిటికంటే ముందు తమకి దక్కని చదువు కూతుళ్ళకి దక్కాలని పంతం పట్టిన తల్లులు, ఇవన్నీ కలిస్తే వచ్చిన మార్పు ఇది. అయితే తేడా పోలేదు. చోటు మార్చుకుంది. పిల్ల బడికి వెళ్తుందా లేదా అన్న ప్రశ్న పోయి, ఏ బడికి వెళ్తుంది, ఎవరి ఖర్చుతో వెళ్తుంది, వెళ్ళొచ్చాక ఇంట్లో ఏం చేస్తుంది అన్న ప్రశ్నలు వచ్చాయి. మన సర్వే ఫారాలు ఇంకా మొదటి ప్రశ్ననే అడుగుతున్నాయి.

2025 ఏప్రిల్‌లో మంగళగిరి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా ఇంట్లోనే చూశాను. మాది మగ్గం ఇల్లు. నేను చదువు పేరుతో గుంటూరు, తర్వాత హైదరాబాదు చేరి అక్కడే ఉండిపోయాను. తమ్ముడు, మరదలు ఆ ఇంట్లోనే అదే గుంట మగ్గం మీద బతుకుతున్నారు. వాళ్ళకి కవలలు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. సామాజిక పరిశోధకులు ఎన్ని ఊళ్ళు తిరిగినా ఇంత సరిగ్గా సరిపోయే పోలిక దొరకదు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే ఆదాయం, పుట్టుకలో కొన్ని నిమిషాల తేడా. వాడిది ప్రైవేటు స్కూలు, ఆ పిల్లది మున్సిపల్ స్కూలు.

నాకు పిలుపు వచ్చింది వాడి గ్రాడ్యుయేషన్ డేకి. ఫోన్లో తమ్ముడు చెప్తూ ఉంటే, "మరి పాపది ఎప్పుడురా?" అన్నాను. "దానిదేముందక్కా, గవర్నమెంటు బడి కదా, ఆఖరి రోజు పెన్నులిచ్చి పంపిస్తారు" అన్నాడు. రెండూ ఒక్క రోజు తేడాలో ఉన్నాయి. రెండింటికీ వెళ్ళాను.

మొదటిది ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ఐదో తరగతి పిల్లలందరికీ నల్ల గౌన్లు, నెత్తిన కుచ్చు వేలాడే పలక టోపీలు. నేను ఇరవై ఏళ్ళు చదివి డాక్టరేట్ పట్టా రోజున వేసుకున్న గౌను మా మేనల్లుడు పదేళ్ళకే వేసుకున్నాడు. గౌను అద్దె, ఫోటోలు, భోజనం అన్నీ కలిపి ఒక రుసుము పెట్టి వసూలు చేశారు. ఒక్కొక్క పిల్లవాడినీ పేరు పెట్టి పిలిచి, తండ్రిని వేదిక మీదకి రమ్మని, ఇద్దరి చేతిలో ఒక చుట్టిన కాగితం పెట్టి ఫోటో తీశారు. తల్లులు కింద కుర్చీల్లో ఉన్నారు. హోంవర్కు చేయించింది, బాక్సు కట్టింది, ఆటో ఎక్కించింది, ఫీజు గడువు దాటితే ఆఫీసు గదిలో నిలబడి మాట పడింది ఆ కింద కూర్చున్నవాళ్ళే. వేదిక మీద పిల్లల మధ్య ఎక్కువమంది మగపిల్లలే ఉండడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఇలాంటి వేడుకల్ని మన మిత్రులు చాలామంది కార్పొరేట్ హడావుడి అని కొట్టిపారేస్తారు. కొంత నిజమే. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చాక మా మేనకోడలు అద్దం ముందు నిలబడి అన్న టోపీ పెట్టుకుని చూసుకుంది. కుచ్చు ఎటువైపు ఉండాలని వాడిని అడిగింది. వాడు చెప్పాడు. మర్నాడు గౌనుతో పాటు టోపీ కూడా తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ పిల్ల మొహం చూశాక నేను ఆ వేడుకని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేకపోయాను. చదువుకున్నందుకు పదిమంది ముందు పేరు పెట్టి పిలిపించుకోవాలన్న కోరిక హడావుడి కాదు. అది ఎవరికి దక్కుతోందన్నదే ప్రశ్న.

మున్సిపల్ స్కూల్లో పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు తన డబ్బుతో తలా ఒక పెన్నూ, ఒక పౌచ్ కొన్నారు. మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్ళు ఆ రోజు పులిహోర, పరవాన్నం చేశారు. 2019లో వాళ్ళ గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయల నుంచి 3,000కి పెరిగింది. బడిలో పిల్లలకి అన్నం పెట్టే పనికి ఈ రాష్ట్రం కట్టిన విలువ అది. టీచరు ఒక్కొక్కరినీ లేపి పెద్దయ్యాక ఏమవుతావని అడిగారు. పోలీసు, నర్సు, ఎయిమ్స్‌లో డాక్టరు. (మంగళగిరి పిల్లలకి డాక్టరంటే ఇప్పుడు ఎయిమ్స్ డాక్టరే, కొండ పక్కన కనపడుతూ ఉంటుంది కదా.) మా పిల్ల లెక్కల టీచర్నవుతానంది. పిల్లల్లో ఏడవనివాళ్ళు లేరు. మేడంగారూ ఏడ్చారు. ఆ వరండాలో పెద్దవాళ్ళం నలుగురైదుగురం ఉన్నాం, అందరం ఆడవాళ్ళమే. మరదలు రాలేదు. చీర దిగాల్సిన రోజు, షావుకారు మనిషి వస్తాడు.

అక్కడి ఆడపిల్లల్ని నేను ఒకటే అడిగాను, మీ అన్నయ్య, తమ్ముడు ఎక్కడ చదువుతున్నారని. అన్నదమ్ములున్నవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక ప్రైవేటు స్కూలు పేరే చెప్పారు. ఫిర్యాదుగా చెప్పలేదు. కొందరు గర్వంగా చెప్పారు.

ఇది మా వీధి ఒక్కదాని సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి కలుస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్ళేవాళ్ళు 2002లో 24 శాతం ఉంటే, 2009 నాటికి 44 శాతమయ్యారు. ఆ పరుగులో ఆడపిల్లలు మగపిల్లల వెనకే మిగిలారు. ఏటేటా వచ్చే అసర్ నివేదికలు కూడా దేశం మొత్తం మీద ప్రభుత్వ బడిలో ఆడపిల్లల వాటా ఎక్కువని చెప్తూనే ఉన్నాయి. ప్రైవేటు బడి ప్రభుత్వ బడి కంటే మంచిదని నేను అనడం లేదు. మా మేనకోడలికి భిన్నాలు వాడి కంటే బాగా వచ్చు, ఆ సెలవుల్లో ఇద్దరినీ కూర్చోబెట్టి లెక్కలు చేయించాను కాబట్టి తెలుసు. ఏ బడి మంచిదన్నది వేరే చర్చ. ఒక కుటుంబం తన దగ్గర ఉన్న కొద్దిపాటి డబ్బుని ఎవరి భవిష్యత్తు మీద పెట్టాలని నిర్ణయించుకుందో ఆ ఎంపికలో కనపడుతుంది. పిల్లలకీ కనపడుతుంది.

మరదలిని అడిగాను. ఆమె దగ్గర దాపరికం లేదు. "వాడు మగ్గం మీద కూర్చోకూడదు వదినా. మీ తమ్ముడి నడుం చూస్తున్నారుగా. వాడికి ఇంగ్లీషు రాకపోతే రేపు ఈ గుంటలోకే దిగాలి."

"మరి పాప?"

"దానికి మగ్గం ఎందుకొస్తుంది వదినా. అది వెళ్ళే ఇల్లు ఎలాంటిదో."

ఈ మాటలో క్రూరత్వం లేదు. ఒక లెక్క ఉంది. కొడుకు తప్పించుకోవలసినది మగ్గం నుంచి. కూతురు ఎలాగూ పెళ్ళితో వెళ్ళిపోతుంది కాబట్టి ఆమెకి తప్పించుకోవలసినదేమీ లేదు. ఇంగ్లీషు అన్న కారణం కూడా నిలబడదు. మున్సిపల్ బడిలో కూడా ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా ఉన్న ద్విభాషా పుస్తకాలే ఉన్నాయి. అయినా ఫీజు కట్టి కొన్నది ఇంగ్లీషు ఒక్కటే కాదు, నల్ల గౌనూ, నలుగురిలో మాటా.

ఆ లెక్కలో పడకుండా జారిపోయేది ఒకటుంది. మంగళగిరి చీర గురించి తెలిసినవాళ్ళందరికీ నిజాం అంచు తెలుసు, జరీ తెలుసు, 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ తెలుసు. నేసేవాడి చేతిలోని నాడెలోకి కండె ఎక్కడినుంచి వస్తుందో అడిగేవాళ్ళు తక్కువ. పేక నూలు రాట్నం మీద కండెలకి ఎక్కిస్తూ ఇంకొకరు పక్కన కూర్చోకపోతే మగ్గం ఆగిపోతుంది. మా ఇంట్లో ఒకప్పుడు అది మా అమ్మ. ఇప్పుడు పగలు మరదలు, పొద్దున బడికి ముందూ సాయంత్రం బడి తర్వాతా మేనకోడలు. వాడికి సాయంత్రం ట్యూషన్ ఉంది. తన ఆఖరి రోజున కూడా ఆ పిల్ల కండెలు చుట్టే బడికి బయల్దేరింది. ఆ కండెలతో నేసిన చీర కూలిలోంచి వాడి ఫీజు వెళ్తోంది. వాడిని మగ్గం నుంచి తప్పించడానికి ఆమెని రాట్నం ముందు కూర్చోబెట్టారు. ఈ మాట ఇంట్లో అంటే తమ్ముడు నొచ్చుకున్నాడు. "దాంతో పని చేయిస్తున్నామా అక్కా, ఆడుతూ పాడుతూ రెండు కండెలు చుడుతుంది" అన్నాడు.

చట్టం కూడా వాడి పక్షానే ఉంది. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత ఏ వృత్తిలోనూ పని చేయించకూడదన్నారు. బాగానే ఉంది. ఆ వెంటనే, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చెయ్యవచ్చని మినహాయింపు పెట్టారు. ఆ తలుపులోంచి ఎవరు లోపలికి వస్తారో మనకి తెలుసు. మగపిల్లవాడు చేసే సాయం ఎప్పుడో ఒకప్పుడు నైపుణ్యం అవుతుంది, కూలి అవుతుంది. ఆడపిల్ల సాయం సాయంగానే ఉండిపోతుంది. 2019-20 నాలుగో చేనేత గణనలో దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం స్త్రీలని తేలింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఇంటింటా నేసేది స్త్రీలే కాబట్టి ఆ శాతం అంత పెరిగిన మాట నిజం. అయినా మన దగ్గర నేత కార్మికుడు అనగానే ఇప్పటికీ మగవాడే గుర్తొస్తాడు. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం కింద సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చారు. పేరులోనే అన్న ఉన్నాడు. లెక్క మగ్గానికి, కండెలకి కాదు.

కుటుంబం అనే ఈ మూట విప్పకుండా పైనుంచే తూకం వెయ్యడం మన ప్రభుత్వాలకి అలవాటు. పార్టీలు మారినా అది మారలేదు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు మంగళగిరి మండలంలోని నిడమర్రు, కురగల్లు, నవులూరు లాంటి ఊళ్ళలో పొలం పనులు పోయిన కూలీలకు నెలకు 2,500 పింఛను ఇచ్చారు. అది కూడా భూమి లేని కుటుంబానికి ఒకటి. పొలంలో పనిచేసిన ఆడమనిషికి వేరేగా కాదు.

చదువు విషయంలో ఈ మూట ఇంకా గమ్మత్తుగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ తల్లి పేరు వాడుకున్నారు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి కింద పిల్లల్ని బడికి పంపే పేద తల్లికి ఏడాదికి 15,000 అన్నారు. పిల్లలు ఎంతమంది ఉన్నా ఒక తల్లికి ఒకటే. ప్రైవేటు బడికి పంపినా వర్తిస్తుంది. మా కవలలు ఒకటో తరగతి నుంచి మూడో తరగతి వరకూ ఉన్న కాలంలో మూడుసార్లు ఆ డబ్బు మరదలి ఖాతాలో పడింది. మూడుసార్లూ వాడి ఫీజుకి వెళ్ళింది. ఆడపిల్లది ఫీజు లేని బడి కాబట్టి ఆమెకి అవసరం లేదు కదా అన్నది ఇంటి తర్కం. అంటే చవక బడిలో వెయ్యడం వల్లనే ఆమె వాటా కూడా వాడికి కలిసొచ్చింది.

2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ఈసారి చదువుకునే ప్రతి బిడ్డకీ ఇచ్చారు. 15,000లో బడి, మరుగుదొడ్ల నిర్వహణకని 2,000 మినహాయించి ఒక్కొక్కరికి 13,000. ఇది అమ్మఒడి కంటే మెరుగైన ఏర్పాటు, సందేహం లేదు. బిడ్డకింత అని లెక్క కట్టినప్పుడు ఆడపిల్ల ఒక విడి మనిషిగా కాగితం మీదైనా కనపడింది. మరదలికి 26,000 వచ్చాయి. ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. ఏం చేశారంటే, వాడి ఆరో తరగతికి కట్టేశామంది. ఆ పథకానికి 75 శాతం హాజరు ఉండాలి. కండెలు చుట్టి మరీ రోజూ బడికి వెళ్ళి ఆ పిల్ల సంపాదించుకున్న హాజరు అది. అందులో 13,000 ఆమె హక్కు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

తల్లి ఖాతాలో డబ్బు పడితే స్త్రీ సాధికారత వచ్చిందనుకోవడం మనవాళ్ళలో కూడా ఉంది. ఖాతా ఆమెది. ఫోన్‌కి వచ్చే మెసేజీ ఆమెది కాదు, ఏటీఎం కార్డు తమ్ముడి జేబులో ఉంటుంది. ఒకవేళ కార్డు ఆమె చేతిలో ఉన్నా వేరేగా ఖర్చు పెట్టేదని నేను నమ్మను. కొడుకు చదువు మీద పెట్టుబడి పెట్టడం ఆమెకి అన్యాయంగా కాక, ముసలితనానికి భద్రతగా తోస్తుంది. మనం పితృస్వామ్యం అని ఒక్క మాటలో తేల్చేసేది ఇలాంటి చిన్న చిన్న భయాల మీదే నిలబడి ఉంది. ఆ భయాలని పట్టించుకోకుండా తల్లిని నిందిస్తే ఆమె మన మీటింగుకి రావడం మానేస్తుంది, అంతే.

డబ్బు లేక కాదు ఈ తేడా అని చెప్పడానికి ఇంకొక సంగతి ఉంది. మా ఇంట్లో ఆ పిల్ల పేరు మీద కూడా ఒక చీటీ నడుస్తోంది. దేనికంటే ఓణీల ఫంక్షన్‌కి. ఒకటి రెండేళ్ళలో పెద్దమనిషి అవుతుంది కదా, అప్పటికి పాడుకోవాలని. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ వేడుకలు ఎలా పెరిగాయో మీలో చాలామంది చూస్తూనే ఉన్నారు. వీధి చివర ఫ్లెక్సీ, కల్యాణ మండపం, వీడియో, వెయ్యిమందికి భోజనాలు. మగపిల్లలకి పంచెల ఫంక్షన్ ఉన్నా వాడికి గ్రాడ్యుయేషన్ కూడా ఉంది. ఆడపిల్లని మాత్రం పదిమంది ముందు కుర్చీలో కూర్చోబెట్టి అక్షింతలు వేసేది ఆమె శరీరం ఎదిగినందుకు. బుద్ధి ఎదిగినందుకు పెన్నూ, పౌచూ. మేనత్తని కాబట్టి ఆ ఫంక్షన్‌కి నేను పెట్టవలసిన కానుక ఒకటుంది. అది పాప చదువుకే ఇస్తాను, పట్టుచీరకి ఇవ్వనని తమ్ముడికి చెప్పాను. "ఇదెక్కడి విడ్డూరం" అన్నాడు. మరదలు మాత్రం ఏమీ అనలేదు. ఆ చీటీ డబ్బు కట్టేది ఆమె, ఇంటి మగ్గం పని అయ్యాక పక్కింటికి కండెలు చుట్టగా వచ్చిన దాంట్లోంచి.

డెల్టా అంటే నీళ్ళున్న నేల, చదువున్న నేల అని మనకి ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. బాలికల విద్య కోసం పెట్టిన ప్రత్యేక కార్యక్రమాలు చాలావరకు మహబూబ్‌నగర్, మెదక్ లాంటి చోట్ల మొదలవడానికి మంచి కారణాలే ఉన్నాయి. గుంటూరులో 1920లలోనే ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు శారదా నికేతనంలో ఆడపిల్లల్ని చదివించారన్న గర్వం మాకు ఉంది, ఉండాలి కూడా. కానీ ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. దేశ సగటు 23.3. పక్క రాష్ట్రాల కంటే ముందున్నామనుకునే రాష్ట్రం సంగతి ఇది. ఆ పెళ్ళి నిర్ణయం పదహారో ఏట హఠాత్తుగా పుట్టదు. పదో ఏట, ఎవరిని ఏ బడిలో వెయ్యాలి అన్న దగ్గర మొదలవుతుంది. అది వెళ్ళే ఇల్లు ఎలాంటిదో అన్న మరదలి మాటలో అప్పటికే పెళ్ళి ఉంది.

మధ్యలో ఈ మెట్టుని ప్రభుత్వమే చెరిపేసిన కాలం కూడా ఒకటి గడిచింది. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఎలిమెంటరీ బడి నుంచి తీసి హైస్కూళ్ళలో కలిపారు. ఎనిమిదేళ్ళ పిల్ల వీధి దాటి పెద్ద బడికి వెళ్ళాల్సి వచ్చింది. దింపి తీసుకురావడానికి ఎవరికి తీరుబడి ఉంటుంది? 2025లో ఆ ఉత్తర్వుని రద్దు చేసి బడుల్ని మళ్ళీ వేరే రకంగా విభజించారు. ఈ మార్పులన్నీ టీచర్ల పోస్టుల లెక్కలతో, పిల్లల సంఖ్యతో జరిగాయి. ఆడపిల్ల నడిచే దారి ఏ ఫైల్లోనూ లేదు.

అలాగే ఇంకొకటి. 2021 అక్టోబరులో స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి నెలకు పది శానిటరీ నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఏడో తరగతి నుంచి ఇంటర్ వరకూ. నాతో వరండాలో కూర్చున్న ఐదో తరగతి పిల్లల్లో ఒకరిద్దరు అప్పటికే పెద్దమనుషులయ్యారని మేడంగారు చెప్పారు. ఏడో తరగతి నుంచి అన్న గీత ఎవరు గీశారో, ఎవరిని అడిగి గీశారో తెలియదు. ఐదు, ఆరు తరగతుల టీచర్లని అడిగినా వేరే జవాబు చెప్పేవారు. ఆరో తరగతిలో చేరిన మొదటి నెలల్లో ఆడపిల్ల బడి ఎగ్గొట్టే రోజులు ఏవో చూస్తే ఈ గీత ఎంత తప్పో తెలుస్తుంది. ఈ డిమాండ్ చాలా చిన్నది. ఒక వినతిపత్రంతో సాధించగలిగేది. మంగళగిరి శాసనసభ్యుడే 2024 నుంచి రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగా ఉన్నారు కాబట్టి ఊళ్ళోని మహిళా సంఘాలు ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేదు కూడా.

మిగిలిన పని ఇంత సులువు కాదు. బాలికా విద్య మీద పనిచేసే సంస్థలు ఇప్పటిదాకా ఇంటిని ఒక యూనిట్‌గా తీసుకుని, బడి ఈడు పిల్లలెందరు, బడికి వెళ్ళేవాళ్ళెందరు అని రాసుకుంటున్నాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏయే బళ్ళలో ఉన్నారో పక్కపక్కన రాస్తే తప్ప మా ఇంటి సంగతి ఏ సర్వేలోనూ పడదు. మా ఇల్లు ప్రస్తుత లెక్కల్లో నూటికి నూరు శాతం చదువుతున్న ఇల్లు. ఇంకో గడి కూడా కావాలి, బడికి ముందు, బడి తర్వాత ఏం చేస్తున్నారు అని. అడిగేటప్పుడు పని చేస్తున్నావా అని అడగకండి, లేదంటారు. నిన్న సాయంత్రం ఎన్ని కండెలు చుట్టావమ్మా అని అడగండి, లెక్కతో సహా చెప్తారు. మిరప కోతల ఊళ్ళో, రొయ్యల చెరువుల ఊళ్ళో ఆ ప్రశ్న వేరేగా ఉంటుంది.

వేడుక సంగతి కూడా వదలొద్దనే అంటాను. ప్రభుత్వ ఎలిమెంటరీ బడిలో ఐదో తరగతి ముగింపుని ఊరంతా వచ్చే సందర్భంగా చెయ్యడానికి నల్ల గౌను అక్కర్లేదు. డ్వాక్రా సంఘాలున్నాయి, బడి కమిటీల్లో తల్లులున్నారు. పిల్లని పేరు పెట్టి పిలిచి, తల్లిని పక్కన నిలబెట్టి, రికార్డు షీటు ఆమె చేతికే ఇవ్వొచ్చు. మా వైపు ఎలిమెంటరీ బడి నుంచి హైస్కూలుకి తీసుకెళ్ళే కాగితాన్ని రికార్డు షీటు అంటారు. ఆన్‌లైన్ వచ్చినా జనం నోట్లో ఆ మాటే ఉంది. మగపిల్లల షీటు కోసం మే నెలలోనే తండ్రులొస్తారట. ఆడపిల్లలది చాలాసార్లు బడి తెరిచాక, మేడంగారు కబురు పెడితే వస్తారట.

కాబట్టి ఏప్రిల్‌లో మీ ప్రాంతంలోని ఎలిమెంటరీ బడికి వెళ్ళి ఐదో తరగతి ఆడపిల్లల పేర్లు రాసుకోండి. బడులు తెరిచేది జూన్ 12న. ఆ వారంలో హైస్కూలుకి వెళ్ళి ఆరో తరగతి రిజిస్టరు చూడండి. తల్లికి వందనం పడిన నెలలో సంఘం మీటింగులో ఆ డబ్బు ఎవరి పేరున వచ్చింది, ఎవరికి ఖర్చయింది అని ఒక్కొక్కరినీ అడగండి. మొదట్లో నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. మా మేనకోడలి పేరున పోస్టాఫీసులో ఒక ఖాతా తెరిచి, వచ్చే ఏడాది ఆమె 13,000 అందులో వెయ్యమని మరదలితో అన్నాను. ఫారం తెచ్చి ఇచ్చి వచ్చాను. తల్లి సంతకం చాలు. ఆ ఫారం ఇంకా అలమర్లోనే ఉందట.